పుస్తకంలో దొరికిన డబ్బు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక శాఖా గ్రంథాలయంలో విశ్రాంత బ్యాంకు క్యాషియర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే ఈ వారోత్సవాల్లో ఎవరో ఒకరు వచ్చి పుస్తకాలు చదవడం వల్ల కలిగే లాభాలు చెప్పి వెళతారు. నన్ను పిలిచినప్పుడు నేనూ అదే పని అనుకున్నాను. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. గ్రంథాలయాధికారిగారు వాటిని చూసి, "లాభాలు పోయినేడు చెప్పించాం. ఈసారి మన పుస్తకంలో దొరికిన లాభం గురించి చెప్పండి" అన్నారు.

ఆ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇక్కడినుంచి ఒక నవల ఇంటికి తీసుకెళ్లింది. తెరిచి చూస్తే మధ్యలో కరెన్సీ నోట్లు. ఆ పిల్ల వాటిని లెక్కపెట్టలేదు. పుస్తకాన్ని ఉన్నదున్నట్లు మూసి, రెండు చేతులతో గుండెకు అదుముకుని తెచ్చి ఈ బల్ల మీద పెట్టింది. అయితే దారిలో కనిపించిన నలుగురికీ చెప్పింది. అందువల్ల డబ్బు దొరికిందన్న విషయం దాచడం మా వల్ల కాలేదు. ఎంత దొరికింది, ఏ పుస్తకంలో దొరికింది అన్నవి మాత్రం దాచాం. పుస్తకం పేరు ఎవరికీ చెప్పనని ఆ పిల్ల చేత ఒట్టు వేయించారు. కనుక మీరు కూడా అడగకండి. ఒక్క ముక్క చెబుతాను. అది ఒక పెద్ద నవలకు రెండో భాగం. ఈ గ్రంథాలయంలో మొదటి భాగాలన్నీ అట్టలు ఊడి ఉంటాయి, రెండో భాగాలన్నీ కొత్తగా ఉంటాయి. డబ్బు పెట్టినవారెవరో ఆ రహస్యం బాగా తెలిసినవారే. (నవ్వులు) గ్రంథాలయాధికారిగారు నావైపు చూస్తున్నారు. ఇక చెప్పను.

మర్నాటినుంచి సలహాలు మొదలయ్యాయి. పొద్దున్నే పేపరు చదవడానికి వచ్చే మా బృందంలో ఒకాయన, "ఎవరిదో తెలియదు కాబట్టి ఆ డబ్బుతో పోటీ పరీక్షల పుస్తకాలు కొనేయండి" అన్నారు. ఇంకొకాయన, "ఆ పిల్లకే ఇచ్చేయండి, నిజాయితీకి బహుమతి" అన్నారు. మూడో ఆయన గుడి హుండీలో వేయమన్నారు.

ఈ మూడో సలహా దగ్గర కాసేపు ఆగాలి. మనవాళ్లలో చాలామంది చేసే పని ఇది. దారిలో వందో రెండొందలో దొరుకుతాయి. ఉంచుకోవడానికి మనసొప్పదు, ఎవరిదో కనుక్కునే ఓపిక ఉండదు. తీసుకెళ్లి హుండీలో వేస్తే రెండు బాధలూ తీరతాయి. ఉంచుకున్నామన్న పాపం లేదు, పైగా వేసిన పుణ్యం మన ఖాతాలో పడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. పోగొట్టుకున్న మనిషి తల వంచుకుని అదే సందులో నాలుగోసారి వెతుక్కుంటూ ఉంటాడు. ఆ డబ్బు మాత్రం అప్పటికే దేవుడి లెక్కలో చేరిపోయింది, ఇక వెనక్కి అడిగే వీలు లేదు. నేను నాస్తికుణ్ణి కాను, ప్రతి మంగళవారం గుడికి వెళ్లేవాణ్ణే. అయినా ఆ సలహా ఇచ్చిన మిత్రుణ్ణి అడిగాను: "మీ జేబులోంచి పడిన డబ్బు నేను తీసుకెళ్లి హుండీలో వేస్తే మీకు సమ్మతమేనా?" ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎంత పడిందని అనుకోవాలి?" అన్నారు. (నవ్వులు)

ముగ్గురి సలహాలకూ పునాది ఒకటే. "ఎవరిదో తెలియదు కాబట్టి." నేను మాట్లాడాలనుకున్నది ఆ నాలుగు అక్షరాల గురించే, "తెలియదు" అన్న దాని గురించే. సరే, మూడక్షరాలు... నాలుగు. క్యాషియర్‌ను, లెక్క తప్పకూడదు. (నవ్వులు)

మన భాషలో ఒక చిత్రం ఉంది. "నాకు డబ్బు దొరికింది" అంటాం. ఆ వాక్యంలో పని చేసింది ఎవరు? డబ్బు. నేను వంగలేదు, చెయ్యి చాపలేదు, అటూ ఇటూ చూడలేదు, జేబులో పెట్టుకోలేదు. డబ్బే వచ్చి నాకు దొరికింది. అవతలివాడు "నా డబ్బు పోయింది" అంటాడు. అక్కడా డబ్బుకే కాళ్లొచ్చాయి. ఒకచోట తనంతట తాను పోయింది, ఇంకొకచోట తనంతట తాను దొరికింది, మధ్యలో మనుషులెవరూ లేరు. ఇంకో అడుగు వేసి, పోయినవాడి గురించి "పారేసుకున్నాడు" అంటాం. అంటే తప్పంతా వాడిదేనని తీర్పు కూడా చెప్పేశాం. తమాషా ఏమిటంటే ఇదే దొరకడాన్ని దొంగ విషయంలోనూ వాడతాం. "దొరికితే దొంగ, దొరకకపోతే దొర" అంటాం. డబ్బు దొరకడానికీ మనిషి దొరకడానికీ మన పెద్దలు ఒకే మాట ఎందుకు పెట్టారో నాకు తెలియదు గానీ, రోడ్డు మీద నోటు తీసుకునేటప్పుడు మనిషి అటూ ఇటూ ఎందుకు చూస్తాడో మాత్రం తెలుసు.

చట్టం ఈ విషయంలో మన వ్యాకరణాన్ని ఒప్పుకోదు. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతిలో 403వ సెక్షన్ ఉండేది. పరుల సొత్తును వంచనతో సొంతానికి వాడుకోవడం గురించి. దాని కింద ఉదాహరణలిచ్చారు. ఒకడికి రహదారి మీద రూపాయి దొరికింది, ఎవరిదో తెలియదు, తీసుకున్నాడు. నేరం కాదు. ఇంకొకడికి దారిలో ఉత్తరం దొరికింది, అందులో నోటు ఉంది, ఉత్తరం మీద చిరునామా ఉంది. నోటు వాడుకున్నాడు. నేరం. మరొకడికి విలువైన ఉంగరం దొరికింది, సొంతదారు ఎవరని ఎక్కడా విచారించకుండా వెంటనే అమ్మేశాడు. అదీ నేరమే. ఈ మూడోవాణ్ణి చూడండి. ఉంగరం ఎవరిదో వాడికి నిజంగానే తెలియదు. అయినా తప్పించుకోలేడు. తెలుసుకునే దారులు వెతికాడా, తగినంత కాలం ఆగాడా అని అడుగుతుంది చట్టం. తెలియకపోవడం వేరు, తెలుసుకోకపోవడం వేరు. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 403 కాస్తా 314 అయింది. పాతదానిలో రెండేళ్ల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ అని ఉండేది. కొత్తదానిలో ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా అని గట్టిపడింది.

ఇక 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం వస్తువు దొరికి దాన్ని తన దగ్గర పెట్టుకున్నవాడు యజమాని కాదు, కాపలాదారు. ఎవరైనా మన దగ్గర దాచమని ఇచ్చిన వస్తువును ఎంత జాగ్రత్తగా చూస్తామో అంత జాగ్రత్తగా చూడాలి. దాన్ని భద్రపరచడానికీ సొంతదారును వెతకడానికీ అయిన ఖర్చు ఇచ్చేదాకా వస్తువును అట్టిపెట్టుకునే హక్కు మాత్రం ఉంది. ఆ పిల్లకు బహుమతి ఇవ్వాలన్న ఆయనకు ఇది చెప్పాను. బహుమతి సొంతదారు ఇవ్వాలి. లేదా మనమందరం చందాలు వేసుకుని ఇవ్వాలి. దొరికిన డబ్బులోంచి మనం బహుమతి ఇవ్వడమంటే సొమ్మొకడిది, సోకొకడిది. చందా అనగానే ఆయనకు ఇంట్లో పని గుర్తొచ్చింది.

సరే, తెలుసుకునే దారులు ఏమున్నాయి? ఇక్కడ నా పాత ఉద్యోగం కొంచెం పనికొచ్చింది. 2005 నుంచి మన నోట్ల వెనక అవి ఏ సంవత్సరంలో అచ్చయ్యాయో వేస్తున్నారు. ఎవరూ చూడరు, ఇంటికెళ్లి చూడండి. ఆ నోట్లు తీసి సంవత్సరాలు చూశాను. వాటిలో అన్నిటికంటే కొత్తది ఏ ఏడాదిదో, ఆ ఏడాదికి ముందు ఎవరూ వాటిని అక్కడ పెట్టి ఉండలేరు. ఇక పుస్తకం వెనక అంటించిన తేదీల చీటీ ఉంది కదా, ఎప్పుడెప్పుడు ఇచ్చారో ముద్రలు కొట్టే చీటీ. ఆ ఏడాది తరువాతి ముద్రలు లెక్కపెట్టాం. రెండో భాగం కావడం మా అదృష్టం. (నవ్వులు) రిజిస్టరుతో సరిచూస్తే నాలుగు పేర్లు తేలాయి. "ఎవరిదో తెలియదు" అన్నది అరగంటలో "ఈ నలుగురిలో ఒకరిది కావచ్చు" అయింది. ఇక్కడే కూర్చుని చదివి పెట్టేసిన పాఠకుడు ఎవరైనా ఉండవచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ మొదటిరోజే పోటీ పరీక్షల పుస్తకాలు కొనేసి ఉంటే ఈ నాలుగు పేర్లు ఆ చీటీ వెనకే ఉండిపోయేవి.

నాలుగు పేర్లు దొరికాయి కదా, వెళ్లి అడిగేస్తే సరిపోతుందనుకున్నాను నేను. గ్రంథాలయాధికారిగారు ఒప్పుకోలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న నాకు ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో తట్టలేదు. "పుస్తకంలో డబ్బు ఎవరు పెడతారండీ?" అన్నారు. జేబు ఉన్నవాళ్లు జేబులో పెట్టుకుంటారు. బీరువా తాళం తమ దగ్గర ఉన్నవాళ్లు బీరువాలో పెట్టుకుంటారు. పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, చీర మడతలో, పుస్తకంలో పెట్టేది ఇంట్లో ఇంకొకరి చేతికి దొరక్కూడదనుకున్నవాళ్లు. ఆ నలుగురిలో ఇద్దరు ఆడవాళ్లు. మనం తలుపు తట్టి, భర్తో కొడుకో ఎదురుగా ఉండగా, "అమ్మా, మీరు పుస్తకంలో డబ్బు దాచారా?" అని అడిగితే ఆ డబ్బు తిరిగి ఇచ్చినట్లా, లాక్కున్నట్లా? నేను నోరు మూసుకున్నాను. చివరికి నోటీసు బోర్డు మీద చిన్న కాగితం పెట్టాం. పుస్తకంలో ఏదైనా మరిచిపోయినవారు విడిగా వచ్చి గ్రంథాలయాధికారితో మాట్లాడవచ్చునని. ఆ నలుగురూ మళ్లీ పుస్తకాలకు వచ్చినప్పుడు ఒంటరిగా ఉన్నారో లేదో చూసి, ఆ కాగితం వైపు వేలు చూపించే బాధ్యత ఆవిడ తీసుకున్నారు.

కాగితం పెట్టాక ఇద్దరు వచ్చారు. మొదటివారు ఎంత మరిచిపోయారో చెప్పారు గానీ ఏ పుస్తకమో చెప్పలేకపోయారు. చెప్పిన మొత్తం కూడా ఉన్నదానికంటే బాగా ఎక్కువ. రెండో ఆయన నిజాయితీపరుడు. తను మరిచిపోయింది ఎండిన రావి ఆకట, కాలేజీ రోజులనాటిది. అది వేరే పుస్తకంలో నిజంగానే ఉంది, ఇచ్చేశాం. (నవ్వులు) ఎంత, ఏ పుస్తకం అన్నవి ఎందుకు దాచామో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. ఇది మేం కనిపెట్టిన ఉపాయం కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనే ఉంది. సొంతదారు తెలియని సొత్తును రాజు మూడేళ్లు భద్రపరచాలి. నాదే అని వచ్చినవాడు దాని రూపం, సంఖ్య చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ పోయింది, రంగేమిటి, కొలతేమిటి అన్నవి సరిగ్గా చెప్పలేకపోతే ఆ సొత్తు విలువంత జరిమానా కట్టాలి. ఆ గ్రంథంలో నాకు మింగుడుపడనివి చాలా ఉన్నాయి, వాటిని మింగాలని కూడా నేను అనుకోను. ఈ ఒక్క పద్ధతి మాత్రం ఏ బ్యాంకు మేనేజరైనా మెచ్చుకోవలసిందే.

అడిగినవాడికల్లా ఇచ్చేయడం తిరిగి ఇవ్వడం కాదు. ఫోన్లతో డబ్బు పంపుకునే ఈ రోజుల్లో ఇది మరీ అవసరం. ముక్కూ మొహం తెలియనివాడు ఫోను చేసి, "పొరపాటున మీ ఖాతాలో డబ్బు వేశాను, దయచేసి ఈ నంబరుకు పంపండి" అంటాడు. కొన్నిసార్లు డబ్బు రానే రాదు, వచ్చినట్లు సందేశం మాత్రం దొంగది వస్తుంది. కొన్నిసార్లు డబ్బు నిజంగానే వస్తుంది, కానీ అది వేరే ఎవరినో మోసం చేసి లాగినది. దాన్ని మీ చేతిమీదుగా దాటించుకోవడానికి మీ మంచితనాన్ని వాడుకుంటారు. కనుక వాడు చెప్పిన నంబరుకు పంపకండి. ఆ డబ్బు ముట్టుకోకుండా మీ బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి, ఏ ఖాతానుంచి వచ్చిందో ఆ ఖాతాకే వెళ్లేలా చూడమనండి. నిజంగా పొరపాటున వచ్చిందయితే ఉంచుకునే హక్కు మనకు లేదు. అదే కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్, పొరపాటున అందిన సొమ్మును అందుకున్నవాడు తిరిగి చెల్లించాలని రెండు ముక్కల్లో చెబుతుంది.

ఇంత శ్రమ ఎందుకు, నాలుగు నోట్ల కోసం? నాలుగే అనుకోకండి, మాటవరసకు అన్నాను. ఎందుకో చెప్పడానికి నా కథ ఒకటి చెప్పాలి.

1986లో నేను గుంటూరు జిల్లాలో ఒక మార్కెట్ ఊళ్లో క్యాషియర్‌ని. మిరపకాయల రోజులు. కౌంటరు ముందు జనం, ఊపిరాడదు. అప్పట్లో వంద నోట్లు కలిపి కట్టగట్టి పిన్నులు కొట్టేవాళ్లం. సాయంత్రం లెక్క చూస్తే సరిగ్గా 5,000 తక్కువ. ఐదు వేలు తక్కువ అంటే క్యాషియర్‌కు ఏం జరిగిందో వెంటనే అర్థమవుతుంది. యాభై రూపాయల నోట్ల కట్ట ఇవ్వవలసిన చోట వంద రూపాయల నోట్ల కట్ట ఇచ్చాను. అప్పటి నా జీతంతో చూస్తే రెండు నెలల పైమాట. బ్యాంకుదేగా, వాళ్లకేం తక్కువ అనుకుంటారు జనం. క్యాషు తక్కువైతే బ్యాంకు భరించదు, క్యాషియర్ కట్టాలి. మీకు కౌంటరులో ఎక్కువ డబ్బు వస్తే, అవతల ఆ సాయంత్రం ఒక మనిషి కట్టలు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటూ కూర్చుని ఉంటాడు. ఆర్టీసీ కండక్టరు సంగతీ అంతే, టికెట్ల లెక్కకు సంచిలో డబ్బు తగ్గితే చేతినుంచి కట్టవలసిందే.

ఆ రోజు యాభై నోట్ల కట్టలు తీసుకున్నవారు ఐదుగురని ఓచర్లు చూస్తే తేలింది. సైకిలు వేసుకుని రాత్రి పదకొండింటిదాకా ఐదిళ్లకూ తిరిగాను. ఐదుగురూ లేదన్నారు. నలుగురు మామూలుగా అన్నారు. ఐదో ఆయన మంచం మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఆయన భార్య గ్లాసు ఇస్తూ నా మొహం వైపు చూడలేదు. అంతే, నేను తీర్పు చెప్పేశాను. మరుసటి ఏడాది ఆ ఇంటి పెంకులు తీయించి డాబా వేయించాడు. ఇక నాకు సాక్ష్యం కూడా దొరికింది. నెలకు 200 చొప్పున 25 నెలలు జీతంలోంచి కట్టాను. కట్టిన ప్రతి నెలా ఆ డాబా గుర్తొచ్చేది. ఆయన కౌంటరు దగ్గరికి వస్తే పది మంది ముందు, కావాలని, ఆయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టేవాణ్ణి. ఆయనకు అర్థమైంది. కొన్నాళ్లకు పక్క కౌంటరుకు వెళ్లడం మొదలుపెట్టాడు.

ఆ డబ్బు ఎవరి దగ్గర ఉండిపోయిందో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆయన దగ్గరే కావచ్చు. కాకపోవచ్చు. పరాయి మగవాడి మొహం వైపు చూడకపోవడం ఆ ఊళ్లో ఆడవాళ్ల మర్యాద అన్నది నాకు చాలా ఏళ్ల తరువాత గాని తట్టలేదు. మిరప ధర బాగున్న ఏడాది డాబా వేయించినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారు. నేను చూసింది ఒక్క డాబానే. ఒకడు ఐదు వేలు ఉంచుకున్నాడు. ఆ ఐదు వేలు నేను రెండేళ్లలో తీర్చేశాను. కానీ మిగతా నలుగురు చెయ్యని తప్పుకు నా కళ్లలో అనుమానితులయ్యారే, ఆ బాకీ ఎవరు తీర్చాలి? ఉంచుకున్నవాడికి ఈ సంగతి తెలియను కూడా తెలియదు. తను బ్యాంకు డబ్బు ఉంచుకున్నాననుకున్నాడు.

ఇక్కడితో ఆపితే నేను మంచివాణ్ణి అయిపోతాను. ఇంకో ముక్క ఉంది. కౌంటరులో కొన్నిరోజులు క్యాషు ఎక్కువ కూడా వస్తుంది. ఇరవయ్యో యాభయ్యో. ఎవరో చిల్లర లెక్క చూసుకోకుండా వెళ్లి ఉంటారు. నిబంధన ప్రకారం దాన్ని పుస్తకాల్లో రాసి విడిగా జమ చేయాలి, సొంతదారు వస్తే ఇవ్వాలి. మా దగ్గర ఒక రేకు డబ్బా ఉండేది. ఎక్కువ వచ్చిన చిల్లర అందులో, తక్కువ వచ్చిన రోజు అందులోంచి. సీనియర్లు నేర్పిన పద్ధతి, ఎవరూ తప్పనుకోలేదు. నా 25 నెలల్లో కనీసం మూడు నెలల వాయిదాలు ఆ డబ్బాలోంచి వెళ్లాయి. అంటే నాకు తిరిగి ఇవ్వనివాణ్ణి తిట్టుకుంటూ, నేను తిరిగి ఇవ్వవలసినవాళ్ల డబ్బుతో ఆ బాకీ కట్టాను. అప్పుడు నేను అన్న మాట కూడా అదే: ఎవరిదో తెలియదు కదా.

2019లో 'సైన్స్' అనే పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 40 దేశాల్లో 355 నగరాల్లో, మన దేశంలో కూడా, 17 వేలకు పైగా పర్సులతో చేసిన ప్రయోగం. పరిశోధకుల మనుషులు బ్యాంకులు, పోస్టాఫీసులు, హోటళ్లు, పోలీసు స్టేషన్ల లాంటి చోట్లకు వెళ్లి, "ఇది రోడ్డు మీద కనిపించింది, నాకు తొందరపని ఉంది, మీరు చూడండి" అని ఇచ్చేసి వెళ్లిపోయేవారు. పర్సులో సొంతదారు పేరు, ఈమెయిలు చిరునామా ఉన్న కార్డులు, సరుకుల చీటీ, తాళంచెవి ఉండేవి. కొన్నిటిలో డబ్బుండేది, కొన్నిటిలో ఉండేది కాదు. డబ్బుంటే ఎవరు తిరిగి ఇస్తారు అనుకున్నారు చాలామంది. ఆర్థికవేత్తల్లో కూడా ఎక్కువమంది ఫలితాన్ని సరిగ్గా ఊహించలేకపోయారు. జరిగింది తలకిందులు. డబ్బులేని పర్సుల విషయంలో సొంతదారుకు కబురు పెట్టినవారు నూటికి 40 మంది, డబ్బున్న పర్సులకు 51 మంది. మూడు దేశాల్లో ఇంకా పెద్ద మొత్తం పెట్టి చూస్తే 72 మంది అయ్యారు. తాళంచెవి లేని పర్సుల కంటే ఉన్నవాటికి ఎక్కువ మంది స్పందించారు. తాళంచెవి సొంతదారుకు తప్ప ఇంకెవరికీ పనికిరాదు కదా, అంటే అవతలి మనిషి గుర్తొచ్చాడన్నమాట. మొత్తం పెరిగేకొద్దీ తనను తాను దొంగ అనుకోవలసి రావడం మనిషికి భారమవుతుందని వాళ్లు చెప్పారు. నా రేకు డబ్బా దీనికి సరిపోతుంది. అందులో ఐదు వేలు పడి ఉంటే నేను ముట్టుకునేవాణ్ణి కాదు. ఇరవైలు, యాభైలు కాబట్టి నన్ను ఎవరూ, నేను కూడా, దొంగ అనలేదు.

చిన్న మొత్తాల్లో మనుషులు జారినట్లే, పెద్ద మొత్తాల్లో సంస్థలు జారతాయి. బ్యాంకులో పదేళ్లపాటు కదలకుండా ఉన్న ఖాతాల డబ్బు 2014 నుంచి రిజర్వు బ్యాంకు దగ్గరున్న ప్రత్యేక నిధికి వెళుతోంది. 2023 ఫిబ్రవరి నాటికి ఒక్క ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచే ఇలా వెళ్లినది 35 వేల కోట్ల రూపాయలకు పైమాట. అక్కడికి వెళ్లినా అది ఖాతాదారుదే, వారసులు ఎప్పుడు వచ్చి అడిగినా బ్యాంకు ఇవ్వాలి. ఎక్కడెక్కడ ఉందో వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే వెబ్‌సైటు కూడా పెట్టారు. మంచిదే. కానీ రోడ్డు మీద నోటు దొరికినవాడి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. బ్యాంకు దగ్గర పేరుంది, ఊరుంది, సంతకముంది, చాలావాటికి ఫోటో ఉంది. మేం చేసిందల్లా పాత చిరునామాకు ఒక ఉత్తరం వేయడం, అది తిరిగొస్తే ఫైల్లో కుట్టడం. ఆ ఖాతాదారు మనవడు అదే కౌంటరు ముందు వరుసలో నిలబడి ఉన్నా మేం అడగలేదు.

మన నెత్తిమీద కప్పు ఉన్నది కూడా ఇలాంటి డబ్బుతోనే. మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు మాత్రం తూచ తప్పకుండా జరుగుతుంది. జమ చేయడం దగ్గరే బకాయిలు పేరుకుపోతున్నాయని పత్రికల్లో ఏటా చదువుతూనే ఉన్నాం, ఇదే హాల్లో కూర్చుని. అడిగితే అత్యవసరాలకు వాడేశామంటారు. ఈ జవాబుకు సుప్రీంకోర్టు 1958లోనే సమాధానం చెప్పింది. బనారస్‌కు చెందిన ఒక వ్యాపార సంస్థ కట్టనవసరం లేని అమ్మకం పన్ను పొరపాటున కట్టింది. తిరిగి ఇమ్మంటే, ఆ డబ్బు ప్రభుత్వ పనులకు ఎప్పుడో ఖర్చయిపోయిందన్న వాదన వచ్చింది. ఖర్చయినంత మాత్రాన తిరిగి ఇవ్వవలసిన బాధ్యత పోదని కోర్టు తేల్చింది. ఇది పన్ను శాఖ మీద ఇచ్చిన తీర్పే అయినా, ఐదు వందలు బదులు తీసుకుని "ఇల్లు గడవడానికి వాడేశాను" అనే మా బావమరిదికి కూడా నేను చదివి వినిపించాను. ప్రయోజనం లేకపోయింది. (నవ్వులు)

సమయం అయిపోతోంది. మన పుస్తకంలోని డబ్బు సంగతి చెప్పి ముగిస్తాను. ఈ రోజుకు ఇరవై మూడు రోజులు. నలుగురిలో ఒకాయన ఊరు మారిపోయారని తెలిసింది, ఫోను నంబరు కోసం ప్రయత్నిస్తున్నాం. ఒకావిడ వచ్చి కాగితం చదివి, ఏమీ అనకుండా వేరే నవల తీసుకుని వెళ్లారు. మిగతా ఇద్దరు ఇంకా రాలేదు. డబ్బు కవరులో పెట్టి, మీద తేదీ వేసి, మా ఇద్దరి సంతకాలతో సొరుగులో ఉంచాం. సంస్థ కార్యాలయానికి లిఖితపూర్వకంగా తెలియజేశాం. రేకు డబ్బాలో వేయలేదు. ఆ అమ్మాయి రోజూ బడి నుంచి వెళుతూ గుమ్మం దగ్గర సైకిలు ఆపి, లోపలికి రాకుండానే, "వచ్చారా మేడం?" అని అడుగుతోంది. లేదనగానే వెళ్లిపోతుంది. నిన్న మాత్రం లోపలికి వచ్చింది. ఆ పుస్తకం మళ్లీ ఎప్పుడిస్తారని అడిగింది. మొదటి భాగం చదవడం పూర్తయిందట.

ఎవరికైనా ప్రశ్నలుంటే అడగండి. ఎంత దొరికింది అన్నది తప్ప.